మనిషి తేడానా, పని తేడానా?

"వాడికి బాధ్యత లేదండీ" అన్న ఫిర్యాదుతో మేనేజరు ఏమీ చెయ్యలేడు. అది తీర్పే తప్ప సమాచారం కాదు. ముందు దాన్ని కంటికి కనిపించేలా రాయించాలి: నెలలో నాలుగు రిపోర్టులు ఇవ్వాలి, రెండు ఆలస్యమయ్యాయి, దానివల్ల ఫలానావాళ్ల పని ఆగింది. కొన్ని ఫిర్యాదులు ఇక్కడే చల్లబడిపోతాయి.

తర్వాత కారణం. పని ఎక్కడ దెబ్బతింటోందో వెతకడానికి 1978లో అమెరికన్ సైకాలజిస్టు థామస్ గిల్బర్ట్ ఇచ్చిన ఆరు గడుల పట్టికే నాకు ఇప్పటికీ నచ్చుతుంది. మూడు గడులు పరిస్థితివి: సమాచారం, వనరులు, ప్రతిఫలం. మూడు మనిషివి: జ్ఞానం, సామర్థ్యం, ప్రేరణ. వెతుకులాట మొదటి మూడింటితో మొదలవ్వాలి, వాటిని సరిచెయ్యడం తేలిక కాబట్టి. ఆఫీసుల్లో జరిగేది తిరగేసి: ఏమొచ్చినా ట్రైనింగ్‌కి పంపేస్తారు. పని వచ్చినవాడికి ట్రైనింగ్ ఇస్తే టైం దండగ, పైగా అవమానం.

ప్రతిఫలం గడి దగ్గర కాసేపు ఆగండి. త్వరగా ముగించినవాళ్ల నెత్తిన పక్కవాళ్ల పెండింగ్ కూడా పెడితే ఎవరు త్వరపడతారు? అక్కడ ఆలస్యం చెయ్యడమే తెలివైన పని!

ఇద్దరి మధ్య గొడవైతే విడివిడిగా కూర్చోబెట్టి ఒకటే అడగండి: "ఈ పని మీ ఇద్దరిలో ఎవరిది?" జవాబులు కలవకపోతే స్వభావాల గురించి తవ్వక్కర్లేదు, పని పంపకం తేలలేదంతే. ఎవరిది ఏదో రాసి ఇద్దరికీ ఒకే మెయిల్‌లో పంపండి. రెండు వారాలాగి మొదట రాయించిన లెక్కే మళ్లీ చూడండి. అప్పటికీ కదలిక లేకపోతే మనిషి వైపు గడులు తెరవొచ్చు.