నాయనమ్మ ఇంటి రంగు అద్దాలు

వరంగల్ గిర్మాజీపేటలో నాయనమ్మ ఇల్లు వాటాలైపోయి కూలగొట్టేటప్పుడు అందరి కళ్లూ టేకు దూలాల మీదే. నేను కిటికీల పైనుండే రెండు రంగు అద్దాల పలకలు అడిగాను. "తీస్కపోరా, వాటినెవడు పట్టించుకుంటడు" అన్నాడు పెద్దబాపు. పాత సామానాయన పట్టించుకున్నాడు. నేను వెళ్లేసరికే బండెక్కించాడు. 6 వేలిచ్చి దింపించుకున్నా.

ఒక్కోటి మూడడుగుల పొడవు. చిన్న చిన్న అద్దం ముక్కల్ని సీసం పట్టీలతో కూర్చారు. పట్టీ కోసిన చోట చూస్తే ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది, రెండు పక్కల గాడుల్లో అద్దం కూర్చుంటుంది. ఒక పలక తన బరువుకి తనే వంగి కడుపులా ఉబ్బింది. ఒక్కసారే నొక్కితే అద్దాలు పగులుతాయి. మే నెల ఎండ ఎలాగూ ఉంది కదా, డాబా మీద ప్లైవుడ్ వేసి పడుకోబెట్టి, పైన ఇంకో చెక్క పెట్టి, రోజుకో ఇటుక పెంచుకుంటూ పోయా. వారానికి దారికొచ్చింది.

ఎర్ర ముక్క ఒకటి అంచున పెచ్చు లేచింది. చూస్తే లోపలంతా ఎరుపు కాదు! తెల్ల అద్దం మీద మీగడ కట్టినట్టు సన్నటి ఎర్ర పొర, అంతే. మందమంతా ఎరుపే అయితే వెలుతురు దాటదు, నల్లగా కనిపిస్తుంది. నీలం ముక్కలు మాత్రం ఈ పక్క నుంచి ఆ పక్కదాకా నీలమే.

రెండు అతుకులు ఊడాయి. హనుమకొండలో ఈ పని తెలిసినవాళ్లు నాకు దొరకలేదు. లారీ రేడియేటర్లు అతికే మేస్త్రీని బతిమాలి తెచ్చా. "రెండు నిమిషాల పని అన్నా" అని గ్యాస్ మంట పెట్టాడు. టంకం కరిగింది, దాంతోపాటే పట్టీ కూడా చుక్కలు చుక్కలుగా కారింది. టంకం 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327కి. ఆ మధ్యలో ఆగాలంటే మంట పనికిరాదు. ఆయన్నేమనలేం, పిలిచింది నేను. చివరికి టీవీలు బాగుచేసే పిల్లాడు సాల్డరింగ్ ఐరన్‌తో ఓపిగ్గా అతికాడు. అవిసె నూనెలో సుద్దపొడి కలిపిన లప్పం పట్టీల కిందికి బ్రష్‌తో నేనే ఎక్కించా. సీసం విషం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ని, పిల్లల్ని డాబా ఎక్కనివ్వలేదు.

ఇంత చేసి బాగున్న పలకని పూజగది గోడకి బిగించా. లైటేస్తే నల్ల పలక! ఎన్ని బల్బులు మార్చినా అంతే. టెన్షన్‌లో ఉన్న నన్ను మా ఆవిడ ఒక ఆదివారం మెదక్ చర్చికి తీసుకెళ్లింది. 1924లో ప్రార్థనలకి తెరిచిన ఆ చర్చిలో పెద్ద పెద్ద రంగు కిటికీలు లోపల్నుంచి నిప్పుల్లా వెలుగుతున్నాయి. బయటికొచ్చి అవే కిటికీల్ని చూస్తే మసిబారిన రేకుల్లా ఉన్నాయి. "వెనక ఎండ కావాలి కదండీ, మీరు వెనక గోడ పెట్టారు" అంది. ఇంజనీరింగ్ చదివింది నేను.

తూర్పున మెట్ల మలుపు దగ్గర గోడ కొట్టించి టేకు చౌకట్ పెట్టించా. వానకి తడవకుండా బయట మామూలు టఫన్డ్ అద్దం, రెంటి మధ్య వేలు పట్టేంత సందు, చెమ్మ నిలవకుండా చౌకట్‌కి పైనా కిందా సన్న రంధ్రాలు. మంట తగిలిన పలకకి సీసం పట్టీ హైదరాబాద్ నుంచి రావాలి, అది ఇంకా ప్లైవుడ్ మీదే ఉంది.

పొద్దున ఏడింటికి బాపు పేపర్ పట్టుకుని ఆ మెట్ల మీదే కూర్చుంటాడు. పేపర్ మీద ఎరుపు పడి అక్షరాలు కనిపించట్లేదని గొణుక్కుంటూ ఒక మెట్టు కిందికి జరుగుతాడు. కాసేపటికి ఎరుపు అక్కడికీ దిగుతుంది.