మూడు డీమ్యాట్‌లు ఒకటయ్యేసరికి

నాకు మూడు డీమ్యాట్ ఖాతాలు (షేర్లు దాచుకునే ఖాతాలు) ఎందుకని అడిగితే, చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. 2009లో బ్యాంకువాళ్లు తెరిపించింది ఒకటి. ఫోన్‌లో కొనడం సులువని తెరిచింది ఇంకోటి. మూడోది మా బామ్మర్దికి రెఫరల్ డబ్బులొస్తాయని.

ఎన్ని ఉన్నా తప్పేం కాదు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఇన్నే ఉండాలని హద్దు పెట్టలేదు, అన్నిటికీ పాన్ ఒకటే అంతే. ఆ ధీమాతో ఒకసారి ఐపీఓకి (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మే ఇష్యూకి) రెండు ఖాతాల నుంచీ దరఖాస్తు పెట్టాను. రెండూ కొట్టేశారు. అక్కడ చూసేది పాన్‌ని, ఖాతాని కాదు.

అయినా బుద్ధి రాలేదు. కదిలించింది మెయింటెనెన్స్ ఛార్జీ. 2024 సెప్టెంబరు నుంచి చిన్న మదుపరుల కోసం ఉన్న బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్‌లో 4 లక్షల లోపు విలువకి ఏడాది ఛార్జీ లేదు, 10 లక్షల వరకు 100 రూపాయలే. కాకపోతే మొదటి హోల్డరుగా మన పేరున ఒకే డీమ్యాట్ ఉండాలి. మూడు పెట్టుకుని మూడు చోట్లా కడుతున్నానన్నమాట!

మూడోది ఖాళీ, ఆన్‌లైన్లోనే మూసేశాను. పాతదే ఏడిపించింది. అది ఎన్ఎస్‌డీఎల్‌లో, ఫోన్‌ది సీడీఎస్ఎల్‌లో; షేర్లు భద్రపరిచే సంస్థలే రెండూ, కానీ వేర్వేరు. మూసివేత ఫారంలోనే షేర్లు ఎక్కడికి పంపాలో రాశాను, ఫోన్ ఖాతా వివరాలుండే క్లయింట్ మాస్టర్ కాపీ జతచేశాను, మిగిలిన షేర్ల బదిలీ స్లిప్పుల పుస్తకం తిరిగిచ్చేశాను. పేరూ పాన్ ఒకటే కాబట్టి బదిలీకి ఛార్జీ లేదు. వారం తర్వాత ఫోన్: "సంతకం కలవట్లేదు సార్." పదిహేనేళ్ల కిందటి సంతకం ఎలా పెట్టేవాణ్నో నాకే గుర్తులేదు. కొత్త సంతకం నమోదు చేయించి, మళ్లీ ఫారం నింపాను.

షేర్లు వచ్చాయి, కొన్న ధరలు రాలేదు. యాప్‌లో మొత్తం లాభమే అన్నట్టు చూపిస్తోంది. సొంత ఖాతాల మధ్య బదిలీ అమ్మకం కాదు, పన్ను పడదు. కానీ రేపు అమ్మితే అసలు కొన్న తేదీ, ధర కావాలి. పన్నుకి ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్కేసేది కూడా ఏ ఖాతాకి ఆ ఖాతా విడిగానే. ఇప్పుడు అన్నీ ఒకే కుప్ప.

అటక మీది ఫైల్లో కాంట్రాక్ట్ నోట్లు (కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన రసీదులు) దొరికాయి. ఒక్కొక్కటీ చూస్తూ ధరలు ఎక్కించాను. 2011లో కొన్న ఒకదానిది మాత్రం దొరకలేదు, ఇంకా వెతుకుతున్నాను.