25 నుంచి 22కి

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం మధ్యాహ్నం క్లాసు గొడవ బుర్రలోంచి పోవడం లేదు.

ఇవాళ పాఠం మాన్సా మూసా. పశ్చిమాఫ్రికాలోని మాలి రాజు, 1324లో హజ్‌కి వెళ్తూ కైరోలో ఆగి బంగారం వెదజల్లాడు కదా, ఆయన. స్లైడు మీద ఇంతింత అక్షరాలతో 'ఈజిప్టు ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది' అని ఉంది. అదే క్లాసులో చదవమని ఇచ్చిన అల్ ఉమరీ అనే ఆనాటి అరబ్బు చరిత్రకారుడి రాతలో ఏముందంటే, అంతకుముందు మిస్కాల్ (నాలుగు గ్రాముల పైచిలుకు) బంగారం 25 దిర్హాములకు, అంటే వెండి నాణేలకు, తగ్గేది కాదు, ఆ తర్వాత 22 దాటలేదు, 12 ఏళ్లయినా అలాగే ఉంది అని. తగ్గింది, సరే. కుప్పకూలడమంటే ఇదా? చెయ్యెత్తి అడిగాను. లెక్చరర్ గారు 'గుడ్ క్వశ్చన్' అని తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు. గుడ్ క్వశ్చన్ అంటే కూర్చోమని అర్థం.

అదైనా నయం. నా గ్రూపులో ఒకాయన, "చరిత్రంతా రాసినోడి ఇష్టమండీ, ఏదీ నమ్మక్కర్లేదు" అన్నాడు. అందరూ తలలూపారు! ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "నీకు మార్కులు కావాలా, గొడవ కావాలా?" అన్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందే.

బళ్లో మా సోషల్ మేడమ్‌కి ఈ బాధే లేదు. 1453 అనగానే కాన్‌స్టాంటినోపుల్, 1492 అనగానే కొలంబస్ అని అరవాలి. తడబడితే పీరియడ్ అయ్యేదాకా నిలబడాలి. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి 1789 అన్నారు. ఫ్రెంచి విప్లవం అని అరిచాను. "ఎందుకొచ్చిందమ్మా?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే మేడమ్ "అది పరీక్షకి రాదు సార్" అన్నారు. ఆయన కూడా సరే సరే అని ముందుకెళ్లిపోయారు.

ఆ బట్టీ ఎంత దండగో రాద్దామనే కూర్చున్నాను. కానీ 1324 పక్కన ఆ 12 ఏళ్లు పెట్టి చూడకపోతే, అల్ ఉమరీ కళ్లారా చూసి రాయలేదని, వెనకాల వచ్చి వాళ్లనీ వీళ్లనీ అడిగి రాశాడని నాకు తట్టేదే కాదు. పోనీలెండి, మేడమ్‌ని ఇవాళ్టికి వదిలేస్తున్నా.

ఎవరిని అడిగాడన్నదీ రాసుకున్నాడు. కైరో వర్తకులే చెప్పారట, ఒక్క దీనారు (బంగారు నాణెం) కూడా చెయ్యని చొక్కాని మాలి వాళ్లకి ఐదు దీనార్లకు అంటగట్టామని. తమ మోసం తామే చెప్పుకున్నారంటే అందులో ఎంతో కొంత నమ్మొచ్చు కదా? గ్రూపులో ఆయనకి ఇదే చెప్పాల్సింది, అప్పటికే బెల్లు కొట్టేశారు.

ఆ తర్వాత మాలి వాళ్లకి ఈజిప్టు పేరెత్తితేనే మంటట. ఎంత గొప్ప మత పండితుడైనా ఈజిప్టువాడినంటే చాలు, మర్యాద ఇచ్చేవాళ్లు కాదట. ఇలాంటివి స్లైడు మీద పెట్టరేం?