సెల్లార్ చీకటి, ఎనిమిది మెగాపిక్సెళ్ల గొడవ

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా అపార్ట్‌మెంట్ సముద్రానికి రెండు వీధులు ఇవతల ఉంటుంది. మెట్ల మీద పడ్డ ఇసుక ఊడ్చుకోవడం, గ్రిల్స్‌కి ఏటా రంగులు వేయించుకోవడం మాకు మామూలే. ఈ మధ్య కింద పార్కింగ్‌లో స్కూటర్ల నుంచి పెట్రోల్ పోవడం మొదలైంది. పాత కెమెరా ఫుటేజీ తీసి చూస్తే మనిషి కనిపించాడు, ముఖం కనిపించలేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక. అంతే, అసోసియేషన్ మీటింగ్‌లో కెమెరాలన్నీ మార్చేద్దామన్నారు. సెక్రటరీని నేనే కాబట్టి, పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, కొటేషన్లు తెప్పించే పని నా నెత్తిన పడింది.

వచ్చిన కొటేషన్లన్నిటిలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఒక్కటే, మెగాపిక్సెళ్లు. రెండు, నాలుగు, ఐదు, ఎనిమిది. ఇచ్చిన వాళ్లలో ఒక్కరు కూడా "రాత్రి అక్కడ వెలుగు ఎంత ఉంటుందండీ" అని అడగలేదు. అసలు మొదట అడగాల్సింది అదే. చీకట్లో కెమెరాకు కనిపించేదంతా దాని మీద పడే వెలుగును బట్టే ఉంటుంది, వెలుగు సంగతి తేలాకే కెమెరా సంగతి. ఈ మాట మా వాళ్లకు ఎక్కించడానికి కెమెరాలు కొనడం కన్నా ఎక్కువ టైం పట్టింది.

సాయంత్రం చీకటి పడుతుండగా కెమెరా దగ్గర నిలబడితే చిన్నగా టిక్‌మని వినిపిస్తుంది. వెలుగును బొమ్మగా మార్చే చిప్పును సెన్సర్ అంటారు, దాని ముందున్న ఫిల్టర్ పక్కకు జరిగిన చప్పుడది. పగలు ఆ ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది, లేకపోతే రంగులు పాడవుతాయి. రాత్రి అది తొలగిపోగానే కెమెరా చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు వెలిగి, మన కంటికి ఆనని ఆ ఇన్‌ఫ్రారెడ్ వెలుగునే చిమ్ముతాయి. బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారుతుంది. ఎల్‌ఈడీలు పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి అటు తిప్పితే చాలు, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి. మా పాత కెమెరాలో సగం చుక్కలు చచ్చిపోయి ఉన్నాయి.

ఇంకో సంగతి మా వాచ్‌మన్ భార్య గమనించింది. "ఇదివరకు పసుపు లైట్లున్నప్పుడు టీవీలో వీధి బాగా కనపడేదండి, తెల్ల లైట్లొచ్చాక చీకటైపోనాది" అంది. ఎవరూ పట్టించుకోలేదు గానీ ఆమె చెప్పినదాంట్లో నిజం ఉంది. పాత సోడియం దీపం పసుపు వెలుగుతో పాటు 819 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యానికి కొలత) దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కూడా బాగా ఇస్తుంది. ఫిల్టర్ తీసేసిన కెమెరాకు అది ఉచితంగా దొరికిన వెలుగు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి స్తంభాలన్నీ పడిపోయాక మన ఊరికి ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాయి. తెల్ల ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు. మన కంటికి వీధి బాగుపడింది, పాత కెమెరా కంటికి చీకటి పెరిగింది.

ఇక ఎనిమిది మెగాపిక్సెళ్ల గొడవ. 302 వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్‌కి వచ్చి ఉన్నాడు. "ఆంటీ, ఇప్పుడంతా ఫోర్‌కే, రెండు మెగాపిక్సెళ్లు ఎవరు కొంటారు" అని పట్టు పట్టాడు. ఫోర్‌కే అంటే ఆ ఎనిమిది మెగాపిక్సెళ్లే. అతని వాదన పగటికి సరైనదే. ముఖం గుర్తుపట్టాలంటే ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు, అంటే బొమ్మలో అన్ని చుక్కలు, ఉండాలన్నది ఈ రంగంలో వాళ్లు పాటించే లెక్క. అందరూ బిగించే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ వంద డిగ్రీలకు పైగా చూపిస్తుంది, కాబట్టి రెండు మెగాపిక్సెళ్ల కెమెరాతో ఆ లెక్క మూడు మీటర్ల దగ్గరే అయిపోతుంది. అవతలి మనిషి "ఎవరో ఒక మనిషి" మాత్రమే. ఎనిమిదితో అదే లెన్స్ మీద ఆరు మీటర్ల దాకా వెళ్లొచ్చు. కాగితం మీద.

రాత్రి కథ వేరు. 1/2.8 అంగుళాల సెన్సర్ మీద రెండు మెగాపిక్సెళ్లు పరిస్తే ఒక్కో పిక్సెల్ 2.9 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అదే సైజు సెన్సర్ మీద ఎనిమిది ఇరికిస్తే 1.45 మైక్రాన్లు, అంటే వెలుగు పట్టే వైశాల్యం నాలుగో వంతు. చీకట్లో ఆ లోటు పూడ్చుకోవడానికి కెమెరా రెండే పనులు చేయగలదు. గెయిన్, అంటే సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను, పెంచితే తెరంతా ఇసుక రాలినట్టు నాయిస్. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే కదిలేవాడి ముఖం అలుక్కుపోతుంది. సెకనులో 25వ వంతు షట్టర్ తెరిచి ఉంటే మామూలుగా నడిచేవాడే ఐదారు సెంటీమీటర్లు జరిగిపోతాడు. పెట్రోల్ తీసేవాడు నడవడు, పరిగెడతాడు. అందుకే మేము 1/1.8 అంగుళాల సెన్సర్ ఉన్న నాలుగు మెగాపిక్సెళ్ల రకం దగ్గర ఆగాం. పిక్సెల్ సైజు మళ్లీ 2.9 మైక్రాన్లే. లెన్స్ ఎఫ్ నంబరు కూడా చూడండి, అది ఎంత చిన్నదైతే వెలుగు వచ్చే రంధ్రం అంత పెద్దది, కొటేషన్లలో అది రాయరు, అడిగి తెలుసుకోవాలి. ఎఫ్1.0 లెన్స్ ఎఫ్2.0 కన్నా నాలుగు రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. ఆ అబ్బాయికి ఈ లెక్కలు చూపిస్తే ఒప్పుకున్నాడు, కాకపోతే "లిఫ్ట్‌లో మాత్రం ఫోర్‌కే పెడదాం ఆంటీ" అని ఒక షరతు పెట్టాడు. లిఫ్ట్‌లో ఎప్పుడూ లైటు వెలుగుతుంది, మనిషి మీటరు దూరంలో ఉంటాడు. అక్కడ ఫోర్‌కే ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇన్‌ఫ్రారెడ్‌లో రెండు రకాలున్నాయి. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు దగ్గరికెళ్లి చూస్తే సన్నగా ఎర్రగా మినుకుమంటాయి. 940 రకం అసలు కనపడదు. షాపులో 940ని గొప్పగా చెప్తారు, దొంగకు తెలియదని. కానీ సెన్సర్‌కి 940 దగ్గర చూపు బాగా తగ్గిపోతుంది, అదే కరెంటుకు తక్కువ దూరమే వస్తుంది. మా గేటు దగ్గర కెమెరా ఉందని తెలియడమే నాకు కావాలి, ఆ ఎర్ర చుక్కలు కనిపిస్తే ఇంకా మంచిది. 850 తీసుకున్నాం.

"ఐఆర్ దూరం 30 మీటర్లు" అని డబ్బా మీద రాస్తారు, ఐఆర్ అంటే ఇన్‌ఫ్రారెడే. అది నమ్మే ముందు, దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని గుర్తుంచుకోవాలి. పదిహేను మీటర్ల దగ్గర బాగా కనిపించేది ముప్పై దగ్గర అలాగే కనిపించాలంటే నాలుగు రెట్ల ఎల్‌ఈడీ శక్తి కావాలి. మా వెనక సందు పొడుగ్గా ఉంటుంది, ప్రహరీ గోడ పక్కనే. కెమెరాలో ఉన్న ఎల్‌ఈడీలు గోడను తెల్లగా వెలిగించేస్తే, కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు) తగ్గించేస్తుంది, సందు చివర కటిక చీకటి. పాత ఫుటేజీలో తెల్ల ముఖం కూడా ఈ అసమానపు వెలుగు పనే, దగ్గరికొచ్చినవాడి మీద వెలుగు మొత్తం కుమ్మరించింది. సందుకు విడిగా ఒక ఐఆర్ ఇల్యూమినేటర్, అంటే ఇన్‌ఫ్రారెడ్ దీపం, కొని, కెమెరా పక్కన కాకుండా సందు మధ్యలో ఎత్తుగా పెట్టించాం. కెమెరాలోని సొంత ఎల్‌ఈడీలను సెట్టింగ్స్‌లో ఆపేశాం.

అలా విడిగా పెట్టడంలో ఇంకో సుఖం ఉంది. రాత్రి ఎల్‌ఈడీల చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, లెన్స్ ముందు గూడు కడుతుంది. లెన్స్ దగ్గర ఉన్న సాలెపోగు ఇన్‌ఫ్రారెడ్‌లో లావుపాటి తెల్ల తాడులా కనిపిస్తుంది. గాలికి అది ఊగినప్పుడల్లా ఫోన్‌కి "కదలిక గుర్తించబడింది" అని మెసేజీ. పాత కెమెరా ఆ మెసేజీలతో మా ప్రెసిడెంట్‌గారి నిద్ర పాడుచేసి, చివరికి ఆయన అలర్టులే ఆపేసుకున్నారు. వెలుగు లెన్స్‌కి దూరంగా ఉంటే పురుగులు అక్కడికి పోతాయి. వానచుక్కలు కూడా లెన్స్ ముందు గీతల్లా అంతగా మెరవవు.

డోమ్ కెమెరాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మా ఊరి ఉప్పుగాలికి మాత్రం నేను బయట పెట్టను. ఆ గుండ్రటి ప్లాస్టిక్ మీద ఉప్పు పొర, వేలిముద్రలు పడితే లోపలి ఎల్‌ఈడీ వెలుగు దానికే తగిలి వెనక్కి వస్తుంది, బొమ్మంతా పాలు కలిపినట్టవుతుంది. కెమెరా మీద ఐపీ67 అని ఉంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోవని అర్థం, ఉప్పుకు తుప్పు పట్టదని కాదు. మా పాత వాటిలో ముందు పోయింది కెమెరా కాదు, కనెక్టర్లు. బయట వేలాడేసిన జాయింట్లు పచ్చటి చిలుము పట్టి ముట్టుకుంటే రాలిపోయాయి. ఈసారి ప్రతి జాయింటూ మూత ఉన్న జంక్షన్ బాక్సులోనే ఉండాలని, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలని, వైరు బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలని కొటేషన్‌లోనే రాయించాను. వంపు ఉంటే నీళ్లు దాని దగ్గరే కారిపోతాయి. బిగించడానికి వచ్చిన కుర్రాడిది విజయనగరం వైపు. "ఇవన్నీ మీకెలా తెలుసు మేడమ్" అన్నాడు. పాతవి రాలిపోవడం చూశాను కాబట్టి తెలుసు.

ఆ కుర్రాడే ఒక మంచి విషయం చెప్పాడు. కొన్ని ఇళ్లలో కెమెరా పగలంతా బాగుంటుంది, రాత్రయితే ఆగి ఆగి వెలుగుతుంది. "పగలు బాగానే పన్జేస్తాదండి, చీకటి పడితేనే దానికి రోగం." 12 వోల్టుల సప్లై సన్నని వైరు మీద చాలా దూరం వెళ్తే వోల్టేజీ పడిపోతుంది. పగలు కెమెరా ఒక్కటే వాడే కరెంటుకు అది సరిపోతుంది, రాత్రి ఎల్‌ఈడీలు కూడా వెలగగానే సరిపోక కెమెరా రీస్టార్ట్ అవుతుంది. జనం కెమెరా మార్పిస్తారు, వైరు మార్చరు. మేము నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు వచ్చే పీఓఈ రకానికి వెళ్లాం. దానికి వంద మీటర్ల దాకా భయం లేదు, కాకపోతే కేబుల్ అసలైన రాగిది కావాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసింది తక్కువ రేటుకు అంటగడతారు, ముక్క కోసి గీకి చూడండి.

ఇన్‌ఫ్రారెడ్ ఫుటేజీ చూసి దొంగ చొక్కా రంగు చెప్పకండి. చాలా నల్ల రంగులు, ముఖ్యంగా సింథటిక్ బట్టల మీదవి, ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొట్టేస్తాయి, నల్ల చొక్కా తెల్లగా కనిపిస్తుంది. కుండీలో క్రోటన్లు, కొబ్బరి మట్టలు మంచు పట్టినట్టు తెల్లగా మెరుస్తాయి. మా వాళ్లు పాత ఫుటేజీ చూసి "తెల్ల టీషర్టు వాడు" అని తీర్మానించి, పాపం పేపర్ వేసే కుర్రాణ్ణి అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. ఆ కుర్రాడికి మా అసోసియేషన్ ఒక క్షమాపణ బాకీ.

అందుకే పార్కింగ్‌లో నేను ఇన్‌ఫ్రారెడ్ వద్దన్నాను. రంగులు కావాలి, స్కూటర్ల మధ్య నీడలు పోవాలి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే 104 అమ్మాయికి కూడా వెలుగు కావాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు పన్నెండు గంటలు వెలిగినా నెలకు మూడున్నర యూనిట్లు దాటదు. "రాత్రంతా లైట్లా, బిల్లు ఎవరు కడతారు" అన్నవాళ్లకు ఆ లెక్క నోటీసు బోర్డులో అంటించాను. ఇప్పుడు కింద నాలుగు బల్బులు వెలుగుతున్నాయి, కెమెరాలు రాత్రి కూడా రంగుల్లోనే చూపిస్తున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ గేటుకు, వెనక సందుకు, టెర్రస్‌కు మాత్రమే.

గేటు దగ్గర బండి నంబరు కూడా కావాలన్నారు కొందరు. ఒకే కెమెరాతో ముఖమూ నంబరూ రాత్రి రావు. హై సెక్యూరిటీ ప్లేటు ఇన్‌ఫ్రారెడ్‌ను సూటిగా వెనక్కి పంపి తెల్లటి దీర్ఘచతురస్రంలా మిగులుతుంది. దానికి ఇరుకు లెన్స్‌తో, సెకనులో 500వ వంతు లేదా ఇంకా వేగమైన షట్టర్‌తో వేరే కెమెరా కావాలి, అందులో ఇక ప్లేటు తప్ప ఏమీ కనపడదు. డబ్బుల మాట రాగానే ఆ కోరిక వాయిదా పడింది.

రికార్డింగ్ లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 43 జీబీ. ఆరు కెమెరాలకు పదిహేను రోజులు ఉంచాలంటే దాదాపు 4 టీబీ. గడియారం ఇంటర్నెట్ టైంతో సరిచేసుకునేలా పెట్టించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం)లో 63వ సెక్షన్ ప్రకారం ఫుటేజీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ కూడా ఉంటుంది, అంటే ఫైల్‌ను మార్చలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్. టైం పది నిమిషాలు తప్పుగా ఉన్న ఫుటేజీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్తే మొదటి ప్రశ్న దాని మీదే. కొనేటప్పుడు మోడల్‌కి ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షల విభాగం) సర్టిఫికెట్ ఉందో లేదో కూడా అడగండి, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం కెమెరాల సైబర్ భద్రత పరీక్షలు తప్పనిసరి చేసింది. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చాలి. మా దగ్గర అది ప్రెసిడెంట్‌గారికీ నాకూ తప్ప తెలియదు, 302 అబ్బాయికి కూడా.

టెర్రస్ కెమెరాలో పక్క బిల్డింగ్ వాళ్ల బాల్కనీ పడుతోంది. సెట్టింగ్స్‌లో ఆ భాగం మీద నల్ల మాస్క్ వేయించి, వాళ్లావిడను పిలిచి తెర చూపించాను. ఆమె చూసి, "మా కారు పెట్టే చోటు మాత్రం కనపడనివ్వండి" అంది. ఆ కారు కోసం మాస్క్ కాస్త జరపాలా వద్దా అన్నది వచ్చే ఆదివారం మీటింగ్‌లో పెట్టాను. లిఫ్ట్‌లో ఫోర్‌కే సంగతి కూడా అప్పుడే.