ప్లాన్ క్యాన్సిల్ అయిన ఆదివారం

"సారీ రా, ఈరోజు కుదరట్లేదు" అని పొద్దున్నే మెసేజ్. "అయ్యో, పర్లేదు రా" అని టైప్ చేశాను గానీ, లోపల మాత్రం పండగే. (ఇది చదువుతుంటే క్షమించేయ్ రా.)

ఫోన్ సైలెంట్‌లో పడేసి, సగంలో ఆపిన పుస్తకం తీశాను. మధ్యలో ఎందుకో పాత సొరుగు సర్దుదామనిపించింది. అందులో దొరికిన ఉత్తరాలు చదువుతూ నేలమీదే రెండు గంటలు కూర్చుండిపోయాను. సొరుగు ఇంకా అలాగే ఉంది.

సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడక. పాటలేవీ పెట్టలేదు. చెవుల్లో అవి కనిపిస్తే ఎవరూ పలకరించరని, అంతే!

ఇంట్రోవర్ట్ అంటే మనుషులంటే పడనివాడని చాలామంది లెక్క. 1921లో ఈ మాటకు ప్రాచుర్యం తెచ్చిన మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ చెప్పింది మనసు లోపలివైపు తిరిగి ఉండటం గురించి. సిగ్గు వేరు, ఇది వేరు. నలుగురిలో నేనూ బాగానే మాట్లాడతాను, జోకులూ వేస్తాను. కాకపోతే ఇంటికొచ్చాక గంటసేపు గోడకేసి చూస్తూ కూర్చోవాలి.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "రోజంతా ఒక్కడివే ఏం చేశావురా?"

"ఏం లేదమ్మా" అన్నాను. క్షణం తీరిక లేకుండా గడిచిందంటే నమ్ముతుందా?