నన్ను ముంచింది 80 శాతమే

మొదటిసారి ఫోరెన్సిక్ సైకాలజీ ఎంట్రన్స్ రాసేనాటికి రిస్క్ అసెస్‌మెంట్ (ఎవరు మళ్లీ నేరానికి దిగుతారో అంచనా వేయడం) చాప్టర్ నాకు కంఠతా వచ్చు. ఆ అంచనాకు వాడే టూల్స్‌లో వీఆర్ఏజీకి 12 అంశాలు, స్టాటిక్-99కి 10, హెచ్‌సీఆర్-20కి గతం మీద పది, ఇప్పటి మానసిక స్థితి మీద ఐదు, రాబోయే రిస్క్ మీద ఐదు. తిరుపతి బైరాగిపట్టెడ రూమ్‌లో గోడ నిండా చార్టులే. పేపర్లో మాత్రం లెక్క ఇచ్చారు. విడుదలైన 1000 మందిలో 50 మంది మళ్లీ హింసకు దిగుతారట. ఒక టూల్ వాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, మిగతావాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అది ‘ప్రమాదకరం’ అన్నవాళ్లలో నిజంగా ఎందరు? కళ్లు మూసుకుని 80 శాతం అని పెట్టొచ్చాను. సీటు పోయింది.

తర్వాత అమ్మానాన్నలతో కొండకు వెళ్తూ అలిపిరి చెకింగ్ దగ్గర నిలబడితే వెలిగింది. మెషిన్ కుయ్‌మన్న ప్రతిసారీ బయటపడేది తాళాలో, నాన్న బెల్టు బకిలో. అసలు దొంగసరుకు తెచ్చేవాళ్లే అరుదైనప్పుడు మెషిన్ ఎంత మంచిదైనా ఉత్త మోతలే ఎక్కువ. ఇక్కడా అంతే: 50లో 40 మంది దొరుకుతారు, 950లో 190 మంది అన్యాయంగా ఇరుక్కుంటారు. 230కి 40, అంటే సుమారు 17 శాతం. అసలు ఎంతమంది హింసకు దిగుతారన్నదే, ఇక్కడ వెయ్యికి 50, బేస్ రేట్. దాన్ని మరిచే నేను 80 అని పెట్టింది. ముందు ఈ లెక్కను చేత్తో రాసి చూడండి, టూల్స్ తర్వాత.

అది పట్టుబడితే కేసులు వాటంతటవే గుర్తుంటాయి. అమెరికాలో 1966 బాక్‌స్ట్రామ్ తీర్పుతో, ‘ప్రమాదకరం’ అని నేరస్తుల మానసిక ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉంచిన వెయ్యికి దగ్గరమందిని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చారు. తర్వాత హింసకు దిగినవాళ్లు కొద్దిమందే. అక్కడే 1983 బేర్‌ఫుట్ మరణశిక్ష కేసులో, ముద్దాయి మళ్లీ హింసకు దిగుతాడని సైకియాట్రిస్టులు సాక్ష్యం చెప్పారు. ఇలాంటి దీర్ఘకాలిక అంచనాలు మూడింట రెండు తప్పని సైకియాట్రిస్టుల సంఘమే చెప్పినా కోర్టు ఆ సాక్ష్యాన్ని ఒప్పుకుంది. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

పీసీఎల్-ఆర్ అనే చెక్‌లిస్ట్ దగ్గర జాగ్రత్త. అది సైకోపతీని (జాలి, పశ్చాత్తాపం లేని స్వభావాన్ని) కొలవడానికి తయారైంది, రిస్క్ అంచనాలో తర్వాత వాడుకున్నారు. ఆప్షన్లలో ఇక్కడే తికమక పెడతారు.

రిస్క్ అంశాల్లో స్టాటిక్ (మారనివి), డైనమిక్ (మారేవి) తేడాకు నేను పేపర్ జిల్లా పేజీ వాడాను. రోజూ ఒక నేర వార్త. పాత శిక్షలు, మొదటి నేరం నాటి వయసు ఒకవైపు, తాగుడు, పని లేకపోవడం, సావాసం ఇంకోవైపు. మొదటివి మారవు. రెండోవాటి మీదే చికిత్స, పర్యవేక్షణ పనిచేస్తాయి.

మన దేశం ప్రశ్నకు 1980 బచన్ సింగ్ తీర్పు తప్పనిసరి. ముద్దాయి సమాజానికి ముప్పుగా మిగలడనే అవకాశాన్ని మరణశిక్ష వేసే ముందు చూడాలంది. సంస్కరణకు వీల్లేదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. రెండోసారి నాకు వచ్చిన పెద్ద ప్రశ్న అదే, నాలుగు పేజీలు రాశాను.