బీరువా వెనక గోడ

మా కోనసీమలో గోడకి నెమ్ము ఎక్కిందంటే ఎవరూ పట్టించుకోరు. "కాలవ పక్క ఇల్లు, ఎక్కక ఏం చేస్తుంది?" అంటారు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెరటి కొబ్బరితోట దాటితే పంటకాలవ. వానాకాలంలో గొయ్యి తీస్తే మోకాలి లోతులోనే నీళ్లు ఊరతాయి. అందుకే మా పడగ్గది గోడ పాడవుతుంటే రెండేళ్లు నేనూ ఆ మాటే నమ్మి కూర్చున్నాను.

మొదట తెలిసింది ముక్కుకి. మేనకోడలి పెళ్లికని బీరువాలోంచి పట్టుచీర తీస్తే తడి గోనెసంచి వాసన. అరలో పరిచిన పేపరు రేకుకి అతుక్కుపోయింది. లాగితే కాగితం చిరిగి చేతికొచ్చింది, సగం అక్షరాలు రేకు మీదే ఉండిపోయాయి. మా ఆయనా నేనూ బీరువాని ముందుకి జరిపాం. వెనక గోడ మీద పెయింటు అప్పడంలా పొంగి ఉంది. వేలితో నొక్కితే పెటుక్కున పగిలి, లోపలి నుంచి తెల్లటి పొడి జలజలా రాలింది. నాలిక చివర పెట్టి చూస్తే ఉప్పన. (మీరు చూడకండి. మా అత్తయ్యగారు చూసి తిట్టారు.)

"భూమిలోంచి వచ్చే నెమ్మేనమ్మా, పాత ఇంట్లోనూ ఇంతే" అన్నారావిడ. పెయింటర్ వచ్చి గీకి, వాటర్‌ప్రూఫ్ పుట్టీ పెట్టి రంగు వేశాడు. ఎనిమిది నెలలకి మళ్లీ పొంగింది. మళ్లీ వేయించాం. రెండుసార్లకీ కలిపి 11 వేలు గోడకి పూసేశాం.

అనుమానం వచ్చింది మొన్న వేసవిలో. ఏప్రిల్ ఆఖర్లో కాలవలు కట్టేశారు. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆగిన రెండు మూడు వారాలకి మా నూతిలో నీళ్లు బాగా కిందికి దిగిపోతాయి, ఏటా చూసేదే. దాంతోపాటే హాలు గోడా వంటింటి గోడా ఆరిపోయి ఉప్పు పొర మాత్రం మిగిలింది. బీరువా వెనక గోడ మాత్రం చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా. కాలవలో నీళ్లు లేవు, వాన లేదు. మరి దీనికెక్కడివి?

అప్పుడు గోడని సరిగ్గా చూశాను. భూమి నెమ్ము కింది నుంచి ఎక్కుతుంది, గది పొడుగునా పట్టీలా ఉంటుంది, మా ఇంట్లో ఎప్పుడూ మూడడుగులు దాటలేదు. ఇది నాలుగడుగుల ఎత్తులో సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే మరక. అచ్చం ఆనపకాయ. గోడకి అవతల బాత్రూం. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. వారానికి గీత దాటి రెండు వేళ్లు పాకింది.

పక్కింటి మాస్టారు గాలిలో తేమ అన్నారు. అదీ తేల్చేద్దామని పాలిథిన్ కవరు ముక్క గోడకి నాలుగు పక్కలా టేపుతో అతికించాను. రెండు రోజులకి చుక్కలు పట్టాయి, గోడ వైపే. గాలి తేమైతే మనవైపు పట్టాలి.

ఇక ట్యాంకు. రాత్రి పదింటికి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి వెదురు పుల్ల దించి తడిసినచోట దారం కట్టారు మా ఆయన. తెల్లారేదాకా మోటారు వెయ్యకూడదు, ఎవరూ కుళాయి తిప్పకూడదు. పిల్లల్ని ఆపడమే పెద్ద పనైంది, బాత్రూంలో బిందెతో నీళ్లు పెట్టాల్సొచ్చింది. పొద్దున్న చూస్తే వేలి మందం దిగింది. మర్నాడు బాత్రూం లైను గేట్ వాల్వ్ కట్టేసి అదే పని చేశాం. నీళ్లు దారం దగ్గరే ఉన్నాయి.

ప్లంబర్ కుర్రాడు ప్రెజర్ పంపు తెచ్చి గీజర్ లైనుకి బిగించి కొట్టాడు. మీటర్లో ముల్లు కదలకుండా నిలవాలట. పది నిమిషాల్లోనే దిగడం మొదలెట్టింది. తర్వాత రూపాయి బిళ్లతో టైల్స్ ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వచ్చాడు. టవల్ రాడ్డు కింద టైలు డొల్లగా మోగింది. తీసి చూస్తే ఏముంది, రాడ్డుకి బిగించిన స్క్రూ సరిగ్గా సీపీవీసీ (వేడినీళ్లకి వాడే ప్లాస్టిక్) పైపులోకి దిగి ఉంది. మూడేళ్ల కిందట దసరాకి నేనే దగ్గరుండి పెట్టించిన రాడ్డు! బిగించినప్పుడు కన్నాన్ని స్క్రూయే మూసేసింది, తుప్పు పట్టాక కారడం మొదలైంది.

"చుక్కేనండి, కానీ రాత్రీ పగలూ కదండీ" అన్నాడు.

పైపు ముక్క మార్చడానికి గంట పట్టలేదు. గోడ సంగతే వేరు. తాపీ మేస్త్రి ఇవతలి వైపు ప్లాస్టరింగ్ కొట్టేసి, "తొమ్మిదంగుళాల గోడండి అమ్మగారూ, ఆరాలంటే నెలలు పడతాయి. ఉప్పుని నీళ్లతో కడక్కండి, కరిగి మళ్లీ ఇటికలోకే పోతాది. పొడి బ్రష్‌తో దులపండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఇటుకల మీద మళ్లీ గీత గీశాను. జూన్‌లో కాలవలు వదిలారు, వానలు పట్టాయి. కింద రెండడుగుల మేర భూమి నెమ్ము మామూలుగానే ఎక్కింది, దానితో మాకు ఎప్పటి కాపరమో. దాని పైన, నా గీత లోపల, ఇటుక పొడిగానే ఉంది. బీరువా గోడకి జానెడు దూరంలో నిలబెట్టాం. తువ్వాళ్లు పెరట్లో దండెం మీదే ఆరుతున్నాయి.